పేరు రాయని ప్రార్థనాంశం

శనివారం మధ్యాహ్నం. కాలేజీ పక్కనున్న మేడ మీది గదిలో ఇరవైమంది అమ్మాయిలు చాపల మీద కూర్చున్నారు. విరిగిన కిటికీ రెక్కకు అట్టముక్క అడ్డం పెట్టి ఉంది. పాటలు అయిపోయాయి. ఒకమ్మాయి నిలబడి కాగితం చదువుతోంది. ‘ఉద్యోగం పోయిన ఒక సహోదరుని కొరకు. గర్భం నిలవని ఒక సహోదరి కొరకు. తాగుడు మానలేని ఒక తండ్రి కొరకు.’ ఒక్కో మాటకూ అందరూ కళ్ళు మూసుకుని ఆమెన్ అంటున్నారు. చూసేవాళ్ళకు ఇంతకంటే మంచి దృశ్యం ఉండదనిపిస్తుంది. ఆ కాగితంలో ఎవరి పేరూ ఉండదు. అందుకే అందులో తప్పుందని ఎవరికీ తోచదు.

ఆ గదిలో ప్రార్థన కూటం నడిపేది పాటలక్క. గొంతు బాగుంటుంది కనుక పిల్లలు పెట్టుకున్న పేరు అది. కిందటేడే ఆమె డిగ్రీ పూర్తయింది. తోటివాళ్ళందరూ ఉద్యోగాలకు వెళ్ళారు. ఆమె మాత్రం ఒక క్రైస్తవ విద్యార్థి సంస్థలో చేరి, ఒక్క సంవత్సరం ప్రభువు పేరిట విద్యార్థుల కోసం ఇస్తానంది. తల్లి ఆస్పత్రిలో నర్సు. ఏ పనైనా పనిలా చెయ్యమని చెప్పి ఒప్పుకుంది. పిన్ని మాత్రం, డిగ్రీ చదివింది చాపలు దులపడానికా అని ఇంటికొచ్చి మరీ నవ్వి వెళ్ళింది. పాటలక్కకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

ఆ గుంపులో తలుపు పక్కనే కూర్చునే మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతి ఉండేది. సన్నగా ఉంటుందని అందరూ పిట్ట అనేవారు. నాలుగు నెలలు వచ్చింది, నోరు విప్పలేదు. ఎవరైనా అడిగితే, నాన్న ఓడలో పని చేస్తాడని, ఎప్పుడో గాని రాడని చెప్పేది.

ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక చాపలు చుట్టడానికి సాయం చేస్తూ పిట్ట నిజం చెప్పింది. నాన్న ఓడలో లేడు, జైల్లో ఉన్నాడు. ఏదో గొడవలో ఒకడిని కొడితే వాడు చనిపోయాడు. ఆ సంగతి తెలిశాక పాత బడిలో ఆమె బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. అందుకే ఎవరూ ఎరుగని ఇంత దూరం వచ్చి చదువుకుంటోంది.

“ఇక్కడ ఎవరికీ తెలీదక్కా. మీకే చెప్తున్నా. మా నాన్న కోసం ప్రార్థన చేస్తారా?”

పాటలక్క ఆ పిల్లను దగ్గరికి తీసుకుని ఏడ్చింది. చేస్తానంది. చేసింది కూడా.

అయితే ఆ సంస్థలో ఒక పద్ధతి ఉంది. సేవ చేసేవాళ్ళందరూ శుక్రవారంనాడు తమ గుంపు ప్రార్థనాంశాలు రాసి కార్యదర్శికి పంపాలి. అందరూ ఆయన్ను అన్నయ్య అంటారు. ఆయన వాటిని కలిపి ఒకే కాగితం మీద అచ్చు వేయించి ఎనిమిది గుంపులకూ పంచుతాడు. పాటలక్క అప్పటిదాకా పరీక్షలు, జ్వరాలు అని రాసి పంపేది. ఆయన ఒకసారి నలుగురిలోనే అడిగాడు.

“ఇలా పైపైన రాస్తే ఎలా తల్లీ? పిల్లలు నీ దగ్గర మనసు విప్పడం లేదా? వివరం ఉంటేనే కదా ప్రార్థించాలనే భారం కలిగేది.”

ఆ శుక్రవారం ఆమె వివరంగా రాసింది. ‘మా గుంపులోని మొదటి సంవత్సరం సహోదరి కొరకు. తండ్రి హత్య కేసులో జైలులో ఉండగా, ఓడలో ఉన్నాడని చెప్పుకుంటూ కుమిలిపోతోంది.’ పేరు రాయలేదు. రహస్యం బయటపెట్టలేదనే అనుకుంది. ఇక తనను ఎవరూ ఏమీ అనలేరని లోలోపల కాస్త తృప్తి కూడా పడింది.

ఆ గుంపులో మొదటి సంవత్సరం వాళ్ళు ఇద్దరే. రెండో అమ్మాయి తండ్రికి కాలేజీ ఎదురుగానే సైకిల్ షాపు. ఇక పేరుతో పనేముంది?

ఆ శనివారం పిట్ట కూటానికి రాలేదు, కాగితం విననేలేదు. సోమవారం హాస్టల్ భోజనాల గదిలో వేరే గుంపు అమ్మాయి ఒకతి పిట్ట భుజం మీద చెయ్యి వేసింది. మీ నాన్న గురించి మేమంతా కన్నీళ్ళతో ప్రార్థించాం, ధైర్యంగా ఉండు అంది. నిజంగా ప్రేమతోనే అంది. బల్లకు అటూ ఇటూ ఉన్నవాళ్ళందరూ విన్నారు. పిట్ట పళ్ళెం అలాగే వదిలేసి లేచింది. సాయంత్రానికి మెట్ల దగ్గర ఎవరో అడిగారు.

“ఏమే, మీ నాన్న ఓడ ఇంకో పదేళ్ళకి గాని ఒడ్డుకి రాదటగా?”

మర్నాడు హాస్టల్ గదిలోని తోటి అమ్మాయి తన పెట్టె పక్క గదికి మార్చుకుంది. గురువారం పిట్ట బట్టలు సర్దుకుంది.

పాటలక్క పరుగున బస్టాండుకు వెళ్ళింది. వెళ్ళి ఏం చేస్తావని అడిగితే, అమ్మ నాలుగిళ్ళలో పని చేస్తుందని, తానూ వెళ్తానని చెప్పింది పిట్ట.

“నీ పేరు నేను రాయలేదమ్మా.”

“అవునక్కా, రాయలేదు.” పిట్ట సంచీ భుజానికి తగిలించుకుంది. “దేవుడికి చెప్తారనుకున్నాను. ఆయనకి కాగితం మీద రాసివ్వాలని నాకు తెలీదు.”

బస్సు వెళ్ళిపోయింది.

మరుసటి వారం సేవకుల కూటంలో అన్నయ్య కొత్త కాగితం చదివాడు. ‘విశ్వాసంలో బలహీనపడి చదువు మానేసిన ఒక సహోదరి కొరకు.’ ఎన్నడూ కూటంలో నోరెత్తని పాటలక్క లేచి నిలబడింది.

“ఆమె బలహీనపడలేదన్నయ్యా. మనం తరిమేశాం. ముందు నేనే తరిమేశాను. ఈ కాగితం ఇక మానేద్దాం.”

అన్నయ్య కోప్పడినా బాగుండేది. ఆయన మెత్తగా, చెల్లెమ్మ మనసు చాలా గాయపడింది, అందరం ఆమె కోసం ప్రార్థిద్దాం అన్నాడు. పది పన్నెండు చేతులు ఆమె తల మీదా భుజాల మీదా పడ్డాయి. తర్వాతి వారం కాగితంలో మొదటి అంశం ఆమెదే. ‘నిరుత్సాహంలో కూరుకుపోయిన ఒక యువ సేవకురాలి కొరకు.’ మీ అమ్మాయికి మనసు బాగాలేదటగా పాపం అని వార్డులో ఒకావిడ తల్లిని పలకరించింది.

తల్లి ఇంటికి వచ్చి, డ్యూటీ బట్టలు మార్చుకోకుండానే కూర్చుని, కూతురు చెప్పిందంతా విన్నది. ఓదార్చలేదు.

“ముప్పై ఏళ్ళుగా పుళ్ళు కడుగుతున్నానే. కట్టు విప్పేముందు మంచం చుట్టూ తెర లాగుతాం. పక్క మంచాల వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, జాలిపడేవాళ్ళే. అయినా లాగుతాం. తెర లేకుండా విప్పితే ఆ మనిషి ఇంకెప్పుడూ ఎవరికీ పుండు చూపించడు. లోపలే కుళ్ళి చస్తాడు. నువ్వు పేరు దాచి పుండు చూపించావు.”

“ఇప్పుడేం చెయ్యనమ్మా?”

“చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఉత్తరం రాయి. జవాబు రాదు. అయినా రాయి.”

రాసింది. జవాబు రాలేదు. పాటలక్క ఆ గదికి వెళ్ళడం మానేసింది. కాగితం మాత్రం ఇప్పటికీ శుక్రవారం శుక్రవారం అచ్చవుతూనే ఉంది. ఎనిమిది గుంపులు పదకొండయ్యాయి.

ఇది చదువుతున్న మీలో ఎందరో మంచి మనసుతో ఇతరుల కోసం ప్రార్థించేవాళ్ళు ఉంటారు. మీ ముందు ఎవరైనా మనసు విప్పితే, ఆ మాటను మీ మోకాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళండి, మరో చెవి దగ్గరికి కాదు. దేవునితో చెప్పమని మనకిచ్చిన మాటను మనుషులకు పంచడం ప్రార్థన కాదు, ద్రోహం.