నీళ్ళకన్నా ముందు

నూడుల్స్ కోసం కలిపిన పిండిని సైకాల్ బల్ల మీద పలచగా వత్తుతోంది. చెవిలో ఇయర్‌ఫోన్, అందులో ఎవరో పాఠం చెబుతున్నారు.

"చేతులిక్కడా చెవులక్కడా అయితే పిండి చిరుగుతుంది, కోడలుపిల్లా" అంది అత్తగారు తుర్సున్, టీ కాచే సమోవర్ పక్కనుంచి.

పిండి చిరగలేదు. పెళ్ళయిన నాటినుంచీ ఎప్పుడూ చిరగలేదు. ఆ సంగతి మాత్రం ఎవరూ అనరు.

పాఠం ఒక పెద్ద లెక్కను ముక్కలు చేసి, అనేక ప్రాసెసర్ల చేత ఒకేసారి చేయించడం గురించి. రాజధాని బిష్కెక్‌లో ఆమె పనిచేసే పరిశోధన కేంద్రంలో, కొండల మీద మంచు కరిగి నిండిన చెరువులు తెగితే నీళ్ళు ఎటు పరుగెడతాయో కంప్యూటరు మీద తేలుస్తారు. లోయంతా చిన్న చిన్న గళ్ళు. ఒక్కో గడిలో క్షణక్షణానికీ నీరెంతో లెక్కగట్టాలి. పాత ప్రోగ్రాం ఆ చాకిరీ అంతా ఒక్క ప్రాసెసర్ నెత్తిన పెట్టేది, మిగతావన్నీ చేతులు కట్టుకుని కూర్చునేవి. అది తెలిసిన రోజున సైకాల్ తమ ఇంట్లో విందులు గుర్తొచ్చి గట్టిగా నవ్వింది. దాన్ని మారుస్తానని అడిగితే పెద్దసారు ఒమూర్‌బెక్ "నీకెందుకమ్మా ఆ తలనొప్పి? రిపోర్టులు ముత్యాల్లా టైపు చేస్తావు, చాలదూ?" అన్నాడు. ఇంటికొచ్చి చెబితే భర్త కుబాన్ "అసలు నీ పనేంటో ఒక్క ముక్కలో చెప్పు. చూశావా, చెప్పలేవు" అన్నాడు, టీవీ మీంచి చూపు తిప్పకుండానే. ఆమె చెప్పలేక కాదు. ఆ ఒక్క ముక్క పూర్తయ్యేదాకా వినేవాళ్ళు లేక.

అందుకని ఎవరికీ చెప్పకుండా నేర్చుకుంది. కిక్కిరిసిన మార్ష్రుత్కా బస్సులో ఒంటిచేత్తో కమ్మీ పట్టుకుని, ఆఫీసులో అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు. లోయను పట్టీలుగా కోసి ఒక్కో ప్రాసెసర్‌కి ఒక్కో పట్టీ ఇచ్చింది. మొదటిసారి నడిపితే నీళ్ళు ప్రతి పట్టీ అంచునా గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోయాయి. పక్కవాడి దగ్గర ఎంత నీరుందో ఎవరికీ చెప్పలేదు మరి. అంచులు ఒకరికొకరు తెలుపుకునేలా రాస్తే ఈసారి ప్రోగ్రామే బిగుసుకుపోయింది. వారం కొట్టుకుంటే గానీ దొరకలేదు. ప్రతి ప్రాసెసరూ ముందు పక్కవాడు పంపాలని చూస్తూ కూర్చుంది. పోట్లాడుకున్నాక తనూ కుబానూ కూర్చున్నట్టే. సగంమంది ముందు పంపాలి, సగంమంది ముందు వినాలి అని కట్టడి చేసింది. నీళ్ళు కదిలాయి. వారంపైన పట్టే లెక్క, పొద్దున మొదలుపెడితే భోజనం వేళకి ముగిసింది. పాత ప్రోగ్రాం ఇచ్చిన జవాబు పక్కన పెట్టి చూసుకుంది. ఒక్కటే జవాబు. బాత్రూంలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఒక్కతే ఎగిరి గంతేసింది.

ఆ వేసవిలోనే కోక్-జార్ ఊరి పైనున్న చెరువు ఉబ్బడం మొదలైంది. తెగే ప్రమాదముంటే ఊరివాళ్ళను బడిలోకి చేర్చాలన్నది పాత మ్యాపును బట్టి అధికారులు వేసుకున్న పథకం. సైకాల్ కంప్యూటరు మీద చెరువుకు పెద్ద గండీ, చిన్న గండీ, ఇటొకటీ అటొకటీ, ఇరవై రకాలుగా కొట్టి చూసింది. ఏ గండి కొట్టినా వరద వాగు మలుపు దగ్గర గట్టు దూకి నేరుగా బడి మీదికే వస్తోంది.

మర్నాడే ఆ పథకం మీద అధికారులతో మీటింగు. మర్నాడే ఇంట్లో మరిది కొడుకు విందు.

"నేను రేపు ఆఫీసుకెళ్ళాలి, అపా" అంది అత్తగారితో.

"వచ్చే జనానికి వండి వడ్డించేదెవరు?"

"సెలవు పెట్టు" అన్నాడు కుబాన్. "నువ్వు లేకపోతే ఆఫీసు ఆగిపోతుందా?"

"ఆగదు. కానీ రేపు నేను నోరు విప్పకపోతే, మునిగిపోయే బడిలో తీసుకెళ్ళి పిల్లల్ని కూర్చోబెడతారు. మాంసం నువ్వు కోయి. పిండి మీ తమ్ముడు వత్తుతాడు. చిరిగితే చిరిగింది, తినండి."

పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బస్సెక్కింది.

మీటింగులో, జనాన్ని తరలించే బాధ్యత ఉన్న కర్నల్ వచ్చి కూర్చోగానే ఒమూర్‌బెక్ అలవాటుగా "సైకాల్, టీ సంగతి చూడమ్మా" అన్నాడు. ఆమె లేచింది. తలుపు వైపు కాదు, తెర వైపు నడిచింది. ఆమె మీట నొక్కగానే తెర మీద నీలిరంగు వరద లోయలోకి దిగి, మలుపు దగ్గర గట్టు దూకి, బడిని మింగేసింది.

"ఎంతవరకు నమ్మొచ్చు, చెల్లెమ్మా?" అడిగాడు కర్నల్.

"ఇరవై రకాలుగా చూశాను. ఒక్కసారి కూడా బడి మిగల్లేదు. తూర్పు పక్క గుర్రాలు మేసే వాలు మాత్రం ఎప్పుడూ తడవలేదు."

"ఇవి ఇంకా పరిశీలనలో ఉన్న..." ఒమూర్‌బెక్ గొంతు సవరించుకున్నాడు.

"మీరు పరిశీలించండి, బైకే" అంది సైకాల్, పెద్దన్నను పిలిచే మర్యాదతోనే. "ఈలోగా కర్నల్‌గారు జనాన్ని వాలు మీదికి పంపిస్తారు."

పంపించారు. ఆ సాయంత్రం ఇంటికొస్తే కుబాన్ గిన్నెల గుట్ట ముందు మొహం మాడ్చుకుని నిలబడి ఉన్నాడు. చేతులు మోచేతులదాకా నురగ. ఆమె పక్కనుంచి వెళ్ళి, కుర్చీ లాక్కుని, మిగిలిన మాంసం పెట్టుకుని కడుపునిండా తింది.

రెండురోజులకు చెరువు తెగింది. ఆఫీసు జీపులో ఒమూర్‌బెక్‌తో కలిసి కోక్-జార్ చేరేసరికి బడి కిటికీలదాకా బురద, తరగతి గదిలో అడ్డంగా పడిన ఫిర్ చెట్టు. వాలు మీద మాత్రం యుర్తా గుడారాలు, పొగలు, గోలగోలగా పిల్లలు. ఊరంతా ఉంది. ఒక్కరూ తగ్గలేదు.

ఒక ముసలావిడ గొర్రెపిల్లను చంకన పెట్టుకుని వచ్చి జీపుకి అడ్డం నిలబడింది.

"బడిలోకి వెళ్ళొద్దని లెక్కగట్టింది ఎవరు నాయనా? నా మనవలు ముగ్గురూ బతికారు. ఆ మనిషిని చూడాలి."

"మా సంస్థేనమ్మా, మేమంతా కలిసి..." ఒమూర్‌బెక్ చిరునవ్వుతో మొదలుపెట్టాడు.

ఇన్నేళ్ళూ సైకాల్ కూడా అలాగే చెప్పేది. మేము చేశాం, సారు చేయించారు, ఏదో అలా కుదిరింది. జీపు తలుపు తీసుకుని కిందికి దిగింది.

"నేను లెక్కగట్టాను, అపా" అంది. "ఒక్కదాన్నే."