టాపు మధ్యలో చిల్లు

అర్లెన్ సాండ్‌విక్ దృష్టిలో మనుషులు రెండే రకాలు. బండి టాపుకు చిల్లు వేసి యాంటెనా బిగించేవాళ్ళు ఒక రకం. ఆ ధైర్యం చాలక అయస్కాంతంతో దాన్ని అంటించుకు తిరిగేవాళ్ళు రెండో రకం. మొదటి రకంలో ఆ కౌంటీ మొత్తానికి అతనొక్కడే మిగిలాడు.

రెండో రకం వాళ్ళు శనివారం ఉదయాల్లో బేకరీ ముందు చేరేవారు. పోలీసులూ ఫైరింజన్లవాళ్ళూ మాట్లాడుకునేది స్కానర్లో వినడమే వాళ్ళ కాలక్షేపం. ఒక్కో బండి మీదా ముళ్ళపంది ముళ్ళలా నాలుగేసి యాంటెనాలు. ఒకటి టాపు అంచున, ఒకటి డిక్కీ మీద, తలుపు సందులో నలిగిపోయిన వైరు ఒకటి. ముప్ఫయ్యేళ్ళు షెరీఫ్ బళ్ళకు రేడియోలు బిగించిన అర్లెన్ కాఫీ పట్టుకుని నిలబడి అవన్నీ చూసేవాడు. ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు.

"యాంటెనాకి కాళ్ళ కింద రేకుండాలి. నాలుగు వైపులా సమానంగా ఉండాలి. అంటే టాపు నడిమధ్య. మీరు పెట్టినవి గాలిపటం తోకలు."

అందరిలోకీ అధ్వాన్నం డెల్మర్. అతను అర్లెన్ ఒకప్పటి భార్య మార్లిస్‌కు తమ్ముడు. మార్లిస్ అర్లెన్‌ను వదిలి వెళ్ళి పన్నెండేళ్ళయినా డెల్మర్ అతన్ని 'బావా' అనడం మానలేదు. అర్లెన్ దాన్ని మంచితనమనుకోలేదు, మందబుద్ధి అనుకున్నాడు. వసంతంలో డెల్మర్ కొత్త ట్రక్కు కొని, టాపు మీద అయస్కాంతం యాంటెనా పెట్టి బయలుదేరాడు. మొదటి మలుపులోనే అది జారి కాలవలో పడింది. ఆ ట్రక్కు ఒళ్ళంతా అల్యూమినియం.

"ఏరా, అల్యూమినియానికి అయస్కాంతం అంటుకుంటుందని ఏ బళ్ళో చెప్పార్రా నీకు?" అన్నాడు అర్లెన్, అందరికీ వినబడేలా.

"ఆ పాఠం చెప్పిన రోజు నేను చేపలకి పోయాను బావా."

తర్వాతి వారం డెల్మర్ తన భార్య బోనీ కుకీలు కాల్చే ఇనప ట్రేను టాపు మీద పట్టీలతో కట్టుకొచ్చాడు. దాని మీద అయస్కాంతం నిలబడింది. ట్రే మూలల్లో మాడిన పంచదార ఇంకా అంటుకునే ఉంది.

"ట్రక్కుకి టోపీ పెట్టావేంటి, పెళ్ళికి తీసుకెళ్తున్నావా?"

"వినబడుతోంది కదా బావా."

వినబడడం ఒక్కటే చాలనుకునేవాళ్ళంటే అర్లెన్‌కు అన్నిటికన్నా రోత.

ఆకులు రాలేవేళకు అర్లెన్ పాత బండి ఇంజను చచ్చింది. ఊళ్ళో దొరికింది డెల్మర్ కొన్నలాంటి అల్యూమినియం ట్రక్కే. కొన్నాడు. శనివారం దాన్ని బేకరీ ముందు ఆపాడు. డెల్మర్ కిటికీ దగ్గరకు వచ్చాడు.

"శుక్రవారం మూడింటికి అక్కకి ఆఖరి పిలుపు. కంట్రోల్ రూమ్‌లో నాలుగు కుర్చీలే ఉన్నాయిట, అవి టై కట్టుకున్నవాళ్ళకి. మనలాంటివాళ్ళం గాల్లో వినాల్సిందే."

"అయితే నాకేంటి?"

"ఏం లేదు. చెప్పాను."

మార్లిస్ ఆ కంట్రోల్ రూమ్‌లో కూర్చుని రేడియోలో పోలీసుల్నీ ఫైరింజన్లనీ పంపే మనిషి. అక్కడ ఉద్యోగం ముగించే మనిషిని రేడియోలో నంబరు పెట్టి చివరిసారి పిలుస్తారు. ఆ మనిషి ఒక్కసారి జవాబిస్తుంది. ఆ నంబరు మళ్ళీ ఎవరికీ ఇవ్వరు.

అర్లెన్ ఇల్లు సరస్సు పక్క పల్లంలో ఉంది. అక్కడ స్కానర్లో గరగర తప్ప ఏమీ రాదు. అందుకే పన్నెండేళ్ళుగా మధ్యాహ్నాలు నీళ్ళ ట్యాంకు ఉన్న గుట్ట మీదికి వెళ్ళి బండి ఆపుకుంటున్నాడు, సెట్టు పరీక్షించడానికని. ఆ పరీక్ష ఎప్పుడూ మార్లిస్ డ్యూటీలో ఉన్న వేళకే పడేది. రెండో నంబరు ఫైరింజన్, పాత మిల్లు రోడ్డు, పొయ్యి గొట్టంలో మంట. ఆమె అనేవి అలాంటి మాటలే. ఒక్కటీ అతనితో అన్నది కాదు. శుక్రవారం మూడు దాటితే అవీ ఉండవు. ఈ సంగతి అతను తనకు తాను చెప్పుకోలేదు. కొత్త ట్రక్కుకు యాంటెనా కావాలి, అంతే అనుకున్నాడు.

బేకరీవాళ్ళు పొడుగు చూసి యాంటెనా కొంటారు. కౌంటీ రేడియో కొత్త బ్యాండుకు మారాక బొటనవేలంతది చాలని వాళ్ళకు తెలియదు. అర్లెన్ ఆ చిన్నదే ఎంచుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం లోపలి సీలింగు గుడ్డ దించి, టాపు మీద టేపు అంటించి, మూడుసార్లు కొలిచి మధ్యను గుర్తుపెట్టాడు. డ్రిల్లుకు గుండ్రంగా చిల్లు కోసే పళ్ళ కట్టరు తగిలించి, ఒంటి బరువంతా దాని మీద వేశాడు. ముప్ఫయ్యేళ్ళు ఉక్కు టాపుల మీద అలాగే వేశాడు. అల్యూమినియంలోకి అది వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. కట్టరు అంచుకు పట్టుకుని ఎగిరి, రేకును చీల్చుకుంటూ పోయింది. చప్పుడు ఆగాక చూస్తే, గాలానికి చిక్కిన చేప నోరులా ఉంది చిల్లు. యాంటెనా పీట అందులో నిలవలేదు, జారి సీటు మీద పడింది.

ఏ బళ్ళో చెప్పార్రా నీకు?

ఎవరైనా నవ్వుతారేమోనని చూశాడు. పెరట్లో ఎవరూ లేరు. తన మాటే తన గొంతుతోనే తిరిగొచ్చింది. అందులో ఇంత సంతోషం ఉండేదని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు.

రెండున్నరకు రోడ్డు మీదకు వెళ్ళి నిలబడ్డాడు. గుట్ట మీదైతేనే బాగా వినబడుతుంది, అక్కడికి పోవాలంటే డెల్మర్ అటే రావాలి. ట్రే కట్టిన ట్రక్కు కనబడగానే చెయ్యెత్తాడు. చెయ్యి సగమే లేచింది.

డెల్మర్ ఆపాడు. పెరట్లో ట్రక్కును, టేపును, చిల్లును చూశాడు. అతను నవ్వి ఉంటే అర్లెన్‌కు సులువయ్యేది.

"ఎక్కు బావా. సీటు మీద కుకీ ముక్కలుంటే దులుపుకో."

గుట్ట మీద గాలి వేస్తోంది. పట్టీలు టాపు మీద తపతప కొట్టుకుంటున్నాయి. స్కానర్ మాత్రం ఎదురుగా కూర్చున్న మనిషిలా మాట్లాడింది. అంత స్పష్టంగా వినబడడం అర్లెన్‌కు అవమానంగా తోచింది.

మూడింటికి ఒక కుర్రగొంతు కాగితం చూసి చదివింది. ముప్ఫై ఒక్క సంవత్సరాలు. కాన్పులు, మంటలు, మంచులో తప్పిపోయినవాళ్ళు. చివర్లో, "కంట్రోల్ పిలుస్తోంది, పదిహేడు."

"పదిహేడు. ఇక సెలవు," అంది మార్లిస్, పాత మిల్లు రోడ్డు అన్న గొంతుతోనే.

మాట అయిపోయినా ఆమె కాలు మైకు తెరిచి ఉంచే పెడల్ మీదే ఉంది. అది ఆమె పాత అలవాటు. మిగతావాళ్ళు మాట్లాడే దారి మూసేస్తున్నావని, మనిషివా మొద్దువా అని, భోజనాల బల్ల దగ్గర కూడా అర్లెన్ ఏళ్ళ తరబడి సాధించిన తప్పు. ఇప్పుడు ఆ తప్పులోంచి ఆమె ఊపిరి వినబడింది. ఒకసారి లోపలికి. ఒకసారి బయటికి. తర్వాత పెడల్ టిక్కుమంది.

అర్లెన్ కిటికీలోంచి తల బయటపెట్టి టాపు వైపు చూశాడు.

"నీ ట్రే రెండు వేళ్ళు ఎడమకుంది," అన్నాడు అర్లెన్.

"దిగి జరుపు మరి."

అర్లెన్ దిగలేదు. అద్దం మీద చినుకు పడింది, దాని పక్కన ఇంకొకటి.

"వానొస్తోంది బావా. నీ టాపు నోరు తెరుచుకుని ఉంది," అన్నాడు డెల్మర్ ఇంజను స్టార్టు చేస్తూ. "ఇంట్లో ఇంకో ట్రే ఉంది."

స్కానర్లో ఆ కుర్రగొంతు ఎవరికో ఏదో దారి చెబుతోంది. అర్లెన్ కాసేపు దాన్నే చూశాడు.

"ఆ ట్రే పొడుగెంత?" అన్నాడు.