కూత ఉన్నంతసేపు

ఫిజియోథెరపీ గదిలో శారదాదేవి మేడమ్ స్టాప్‌వాచ్ నొక్కింది. నేను కళ్ళు మూసుకుని, ఆపరేషన్ అయిన కుడికాలి మీద, ఊగే చెక్క ఎక్కి నిలబడ్డాను. గుండ్రటి చెక్క, దాని కింద బోర్లించిన కొబ్బరిచిప్పంత గుబ్బ. ఐదు నెలలుగా అదే నా పని.

“లిగమెంటు డాక్టరుగారు వేశారు. తను ఎక్కడ ఉన్నదీ కాలికి తెలిసేలా నేర్పడం నా వంతు,” అని మేడమ్ మొదటిరోజే చెప్పింది. కుట్ల పక్కన రూపాయి బిళ్ల మేర గిల్లినా తెలిసేది కాదు నాకు. ఆ ఏడాది, తొంభై మూడులో, నేను మొత్తంగా అలాగే ఉన్నాను. అమ్మ ఏడ్చినా, చుట్టాలు జాలిపడినా ఎవరి సంగతో వింటున్నట్టు ఉండేది.

ముప్ఫై సెకన్లు నిలబడితే ఫిట్‌నెస్ కాగితం మీద మేడమ్ సంతకం పెడుతుంది. ఆదివారం రాష్ట్ర కబడ్డీ జట్టు సెలక్షన్లు. నాకు ఇరవై ఏడు. ఈసారి పోతే ఇక లేదని మా కోచ్ హనుమంతు మొహం మీదే చెప్పాడు. ఆయన పొద్దున యూసుఫ్‌గూడ గ్రౌండులో మాకు ఆట నేర్పి, పగలు సినిమాల్లో హీరోల చేత తన్నులు తింటాడు. ఫైటర్లు ఒళ్ళు విరగ్గొట్టుకుని వచ్చేది జూబ్లీ హిల్స్‌లోని ఈ మేడమ్ దగ్గరికే. నన్నూ అలాగే తెచ్చి పడేశాడు.

“ముప్ఫై నాలుగు,” అంది మేడమ్. పెన్ను మూత తీసి, నా మొహం చూసి ఆగింది. “అంత ఎర్రబడ్డావేంటి హైమా? ఊపిరి తీస్తున్నావా అసలు?”

“లేదు మేడమ్.”

“ఎందుకని?”

“కూత గదా.”

పెదవులు కదపకుండా కబడ్డీ కబడ్డీ అనుకుంటూనే నిలబడ్డాను. చెక్క ఎక్కిన ప్రతిసారీ అంతే. ఊపిరి బిగబట్టమని నాకెవరూ చెప్పలేదు. పన్నెండేళ్ళప్పటి నుంచీ నాకు తెలిసింది ఒకటే: అవతలి గడిలో అడుగుపెట్టాక కూత ఉన్నంతసేపే మనం ఉంటాం.

“మళ్ళీ ఎక్కమ్మా. ఈసారి నాతో మాట్లాడుతూ నిలబడు. పొద్దున ఏం తిన్నావో చెప్పు.”

“సద్దన్నం... ఉల్లిగడ్డ... మా అమ్మ చారు...”

కాలు కింద పడింది. తొమ్మిది సెకన్లు. మళ్ళీ ఎక్కాను, ఏడు. మళ్ళీ ఎక్కాను, తొమ్మిది. మోకాలు వణకడం అప్పుడు తెలిసింది. బిగబట్టిన ఒళ్ళు ఇన్నాళ్ళూ దాన్ని దాచిపెట్టింది.

“ఆటల నేనెట్లాగూ ఊపిరి తియ్య గదా మేడమ్,” అన్నాను. “కూతకు పొయ్యొస్త. గంతే.”

“అవతలివాళ్ళు కూతకొచ్చినప్పుడో?”

“అప్పుడు తీస్త.”

“అప్పుడు నువ్వు చేసే పనేంటి?”

“కౌసల్య చెయ్యి పట్టుకొని నిలవడ్త.”

ఎనిమిదేళ్ళుగా మా జట్టులో మూల కౌసల్యది, పక్కన నేను. కూతకు వచ్చినదాని మడమ కోసం అది దూకుతుంది. దాని బరువంతా నా చేతి మీద వేలాడుతుంది, ఆ బరువు నా కుడికాలి మీద దిగుతుంది. నేను ఊగితే అది మొహం పగిలేట్టు పడుతుంది. ఇదంతా మేడమ్‌కి చెప్పాను. చెబుతుంటేనే నాకూ తెలిసింది.

ఆవిడ కాగితం ముందుకు లాక్కుంది. “ముప్ఫై నాలుగు అబద్ధమేం కాదు, నేనే చూశాను. ఏది రాయమంటావు?”

నాకు ఏడుపు వస్తుందేమోనని కాస్త చూశాను. రాలేదు. కోపమైనా రాలేదు.

“తొమ్మిదే రాయుండ్రి,” అన్నాను.

శనివారం గ్రౌండుకి వెళ్ళేసరికి కౌసల్య ఎదురొచ్చింది. “సంతకమైందా?”

“కాలే.”

అది సున్నపు గీత కేసి చూస్తూ నిలబడింది. “మరి నా పక్కన?”

బాలమణిని పిలిచాను. ఏడాదిగా నా జాగాలో ఆడుతున్నది ఆ పిల్లే. నేను తిరిగి వచ్చేదాకానే అనుకుని ఆడింది. వచ్చి, సంతకు తోడు పోతున్నట్టు కౌసల్య అరచేతిలో అరచెయ్యి పెట్టింది.

“అట్ల కాదే. చెమటకు జారుతది.” ఆ పిల్ల వేళ్ళు విప్పి, కౌసల్య మణికట్టు చుట్టూ నేనే ఒక్కొక్కటిగా పెట్టాను. “గీడ పట్టు. అది దూకినా నువ్వు ఇడువొద్దు.”

“గట్టిగనా అక్కా?”

“నొప్పి పుట్టాలె.”

బాలమణి పట్టుకుంది. కౌసల్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పిల్ల అంత గట్టిగా ఏం పట్టలేదు.