వాంగ్మూలంలో మెంతులు

పదకొండేళ్ల కాపురంలో మా ఆయన జెఫ్రీ పొయ్యి వెలిగించిన పాపాన పోలేదు. అలాంటి మనిషి, రియాద్‌లోని మా వంటింట్లో స్వహస్తాలతో ద్రాక్షరసం పులియబెట్టి అమ్మానని పోలీసుల దగ్గర ఒప్పుకుని వేలిముద్ర వేశాడు. రెండేళ్ల శిక్ష పడింది. అప్పీలుకి ముప్పై రోజుల గడువు. ఇవాళ ఇరవై ఎనిమిదో రోజు.

రియాద్ పాతబజారు బతాలో వకీలు ఆఫీసు. అరబ్బీ వాంగ్మూలాన్ని నాకు తెలుగులో చెబుతున్నది అక్కడి అనువాదకురాలు ఖాలిదా, నిజామాబాద్ పిల్ల.

"రెండు కిలోల నల్లద్రాక్ష, కిలో చక్కెర, చారెడు మెంతులు..."

"ఆగమ్మా. మెంతులా?"

"గట్లనే రాసుంది అక్కా. మీ దిక్కు ద్రాక్షల మెంతులేస్తరా?"

"ఏ దిక్కునా వెయ్యరు."

నవ్వొచ్చింది. ఆ వెంటనే మెంతుల మాట ఎవరికి చెప్పానో గుర్తొచ్చింది.

ఇస్సాక్. ఆ పేరే చెప్పాడు. నాలుగు శుక్రవారాలు మా ఇంట్లో ప్రార్థనకి వచ్చి, కిటికీ పక్క నీలం కుర్చీలో కూర్చుని, అందరికంటే ముందు ఆమేన్ అనేవాడు. ప్రభువు బల్లకి, రొట్టెతో పాటు అందరికీ ఇవ్వడానికి, నేను చేసే రసం తాగి, "ఎలా చేస్తారు వదినా?" అని అడిగాడు. వంట గుట్టు అడిగినవాళ్లకి ఒక అబద్ధం కలిపి చెప్పడం నా అలవాటు. మా ఆడపడుచు ఇప్పటికీ చేపల పులుసులో సోంపు వేస్తోంది. ఇస్సాక్‌కి మెంతులు చెప్పాను.

ఐదో శుక్రవారం పోలీసుల్ని వెంటపెట్టుకొచ్చాడు. ఆ కుర్చీలో ఇప్పుడెవరూ కూర్చోరు. అయినా వంటింట్లో ఉంటే "వదినా" అని వినిపిస్తుంది. మంచినీళ్ల గ్లాసుతో హాల్లోకి వచ్చాక గానీ నా తెలివితక్కువతనం నాకు తెలియదు.

"మెంతుల మాట ఆయనకి తెలీదు ఖాలిదా. ఇస్సాక్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. వాడు చెప్పింది పోలీసులే కాగితం మీద రాసుకుని ఈయన వేలు అద్దించారు. వెయ్యకపోతే నీ పెళ్లాన్ని తెస్తామన్నారంట. ఫోన్లో ఏడ్చాడు."

ఖాలిదా కలం ఆపింది. "పాయింటు మస్తుంది. గానీ జడ్జి అడుగుతడు గదా అక్కా, మరి చేసిందెవరని? నీ పేరు రాస్తే నిన్ను గూడ పట్కపోతరేమో. ఆయన ఒప్పుకున్నదే నీ కోసమాయె."

"ఆయనకి వంటే రాదనుకున్నాను. అబద్ధమాడ్డం కూడా రాదు. రాయమ్మా. సుజిత, గృహిణి. చేసింది నేనే, ఒక్క గుక్క కూడా అమ్మలేదు."

పెళ్లయ్యాక మొదటిసారి, ఏమీ కలపకుండా, ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెట్టాను. ఖాలిదా నా ఎదురుగానే కూర్చుని రాస్తోంది. కలం చప్పుడు మాత్రం, ఇస్సాక్ కూడా కూర్చుని రాసుకుంటున్నట్టు, నా వెనకనుంచి వస్తోంది.