చక్రం వెనక దిమ్మ

"దిమ్మని ఇలా పట్టుకోవాలమ్మాయ్. వేళ్లు పైనే ఉండాలి, కిందికి పోనీకు," అని అత్తగారు కొత్తకోడలికి చూపిస్తోంది. ఎదురుగా ఏటవాలు చేను. కోసిన గడ్డి వరసలుగా ఎండి సిద్ధంగా ఉంది. చేను మధ్యలో ముసలి ట్రాక్టరు డుబడుబమంటోంది, దాని వెనక గడ్డిని కట్టలు కట్టే మిషను. సీటు మీద ఇంటాయన అప్పుడే విసుక్కుంటున్నాడు. "పాఠాలు తర్వాత చెప్పుకుందురు గానీ, మబ్బు పడుతోంది, కానివ్వండి!"

ఆ ట్రాక్టరు చేతిబ్రేకు ఎప్పుడు పోయిందో దేవుడికెరుక. స్టార్టరూ అంతంతమాత్రమే, ఒకసారి ఆగిందంటే నలుగురూ పల్లానికి తోస్తేగానీ లేవదు. అందుకని మిషన్లో గడ్డి ఇరుక్కున్నప్పుడల్లా ఇంజను ఆడుతుండగానే ఆయన దిగుతాడు. ఆయన దిగేలోపు, వెనకాలే నడిచే మనిషి చక్రం కింద చెక్కదిమ్మ తోసెయ్యాలి. ఇన్నేళ్లూ ఆ మనిషి ఈ అత్తగారే. "గడ్డిపనంతా మావాడొక్కడే చేసుకుంటాడు," అని ఆవిడ అత్తగారు బతికున్నన్నాళ్లూ వీధంతా చెప్పుకునేది. వెనక నడిచింది మనిషి కాదు కాబోలు!

పెళ్లయిన కొత్తలో అడక్కపోలేదు. "ఇంజను ఆపి, గేర్లో ఉంచి, బ్రేకు వేసి దిగాలని మెకానిక్కు చెప్పాడు కదండీ?" అంది. "నువ్వున్నావుగా, ఇక బ్రేకెందుకు?" అని నవ్వాడాయన. పిచ్చిది, అది ముద్దుమాటనుకుని మురిసిపోయింది కూడా.

ఒక పొద్దున మంచుకి నేల జారుడుగా ఉంది. బండి వెనక్కి దొర్లింది. దిమ్మ పెట్టింది, చెయ్యి తీసుకునేలోపే చక్రం ఎక్కేసింది. ఎడమచేతి చివరి రెండువేళ్లూ పోయాయి. ఆస్పత్రిలో కట్టు కడుతుంటే ఆయన డాక్టరుతో అన్నాడు, "మా ఆవిడ కాస్త నిదానమండీ." ఇంటికొస్తే ఆవిడ అత్తగారు, "పనిలో చురుకుండొద్దూ?" అంది. చూడ్డానికొచ్చిన సొంత అక్క కూడా, జాగ్రత్తగా ఉండాల్సిందే అని తలూపింది. అందరూ అన్నాక నిజమే కాబోలనుకుంది. పాలు పొంగినా, గ్లాసు చేజారినా, ఎవరూ అనకముందే "నేనింతే, నిదానం," అని తనే అనేసుకోవడం అలవాటైపోయింది. తప్పు తనదైనప్పుడు ఏడవడానికీ సిగ్గేస్తుంది. అందుకని ఏడవనూ లేదు.

ఇప్పుడు మోకాళ్లు అరిగి వాలులో నడవలేకపోతోంది. "కోడలొచ్చిందిగా!" అన్నాడాయన పొద్దున, కాఫీ తాగుతూ. కొడుకు డ్యూటీకి పోతూ పోతూ, "నేర్పించమ్మా," అని వెళ్లాడు.

కోడలు దిమ్మ అందుకుంటూ అత్తగారి ఎడమచేతికేసి చూసింది. "చాలా నొప్పేసిందా అత్తయ్యా?"

ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. ఆవిడ ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచేలోపు ఆ పిల్లే ధైర్యం చెప్పింది. "మీరేం కంగారుపడకండి. నేను చురుగ్గా ఉంటాలెండి."

ఆ మాట వినగానే ఆవిడ కోడలి చేతులకేసి చూసింది. గోరింటాకైనా పూర్తిగా పోని వేళ్లు దిమ్మ చుట్టూ బిగుసుకుని ఉన్నాయి. రేపు వీటికేమన్నా అయితే ఈ పిల్లనీ నిదానమే అంటారు. నలుగురితో పాటు తనూ అంటుందేమో. ఏమో ఏమిటి, అంటుంది.

కోడలి చేతిలోంచి దిమ్మ లాక్కుంది. కుంటుకుంటూ వాలెక్కి, ట్రాక్టరు పక్కకెళ్లి, ఆయన పాదం కాలిబ్రేకు మీద ఉందో లేదో చూసుకుని, దిమ్మని చక్రం కిందికి గట్టిగా తన్నింది. చెయ్యి చాచి, ఇంజను ఆపే పిడి పట్టి లాగింది. డుబడుబ ఆగిపోయి చేనంతా నిశ్శబ్దమైంది.

"మతిపోయిందా నీకు? వానొస్తే గడ్డంతా కుళ్లిపోతుంది! ఇదిప్పుడు ఎట్లా లేస్తుంది?" ఆయన అరుస్తున్నాడు. "ఇంత గొడవెందుకు? ఏమైందిప్పుడు?"

ఎన్నేళ్ల ఏడుపో, ఇప్పుడొచ్చింది. తుడుచుకోలేదు.

"ఆ రోజు నేను ఆలస్యం చెయ్యలేదండీ," అంది. "బండికి బ్రేకు లేదు."