చెవుల్లో దూది

అక్క చేతిలో పడ్డాక తమ్ముడి కారుకు గొంతు పోయిందట. పక్కకొట్టు దర్జీ కనిపించిన వాళ్లందరికీ ఇదే చెబుతున్నాడని, తమ్ముడి భార్య టీ గ్లాసులతో పాటు ఆ కబురునూ షెడ్డులోకి మోసుకొచ్చింది.

"పులిలాంటి బండిని పిల్లిని చేసిందన్నాడట వదినా. రేపు కొండెక్కడం కాదు, కొండ కింద పడుకుంటుందట."

కారు కింద బోల్టు బిగిస్తున్న అక్క చెయ్యి ఆగలేదు. "ఆయన్ని కూడా పిలువు. పనుంది" అంది.

రేపు కొండ మీదికి కార్ల పందెం. గెలిచినవాడికి రేసు జట్టులో డ్రైవరు సీటు. తమ్ముడు ఏళ్లుగా దానికోసమే కళ్లు కాయలు కాచేలా చూస్తున్నాడు. అందుకే మోచెయ్యంత లావు సైలెన్సరు పైపు కొనుక్కొచ్చాడు. అక్కేమో తన చేత్తో సన్నది చేసి బిగించింది.

"పొగ తేలిగ్గా పోవాలంటే లావుదే కదే అక్కా? దాంతో తోలితే వీపు సీటుకి అతుక్కుపోతోంది."

"అతుక్కునేది వీపు కాదురా, చెవులు. నీది చిన్న ఇంజను. సన్న పైపులో పొగ జోరుగా పోతుంది, పోతూ వెనకాలున్న పొగనీ లాక్కుపోతుంది. మలుపు తిరిగాక బండి వెంటనే వేగం అందుకుంటుంది. లావుదానికి జోరు రావాలంటే తిన్నటి రోడ్డు కావాలి. కొండ మీద నీకెవడు పరిచాడు?"

"నాకు బండి చప్పుడులోనే తెలిసిపోతుందే."

"సరే, చూద్దాం."

షెడ్డు వెనక మలుపు తిరిగి పైకెక్కే రోడ్డుంది. దాని చివర దర్జీ చేతికి స్టాప్‌వాచీ ఇచ్చి నిలబెట్టింది. తమ్ముడి చెవుల్లో దూది కుక్కి, పైన తను గ్రైండింగుకు వాడే చెవి తొడుగులు బిగించింది. రెండుసార్లు తోలించింది. మొదటిసారికి ముందూ, మధ్యలో పైపు కాస్త చల్లారాకా, అతన్ని బయటికి గెంటి, షెడ్డు తలుపు మూసి పైపు మార్చింది. ముందు ఏది, తర్వాత ఏది అన్నది చెప్పలేదు.

రెండోసారి దిగుతూనే తమ్ముడు తొడుగులు లాగేసి తొడ చరిచాడు. "ఇదీ బండంటే. మలుపు దాటగానే ఎలా దూకిందో చూశావా? నా లావు పైపే, ఇంక మాట్లాడకు."

అప్పటికే దర్జీ దిగి వచ్చాడు. స్టాప్‌వాచీ వంక చూశాడు, దాన్ని ఒకసారి దులిపి మళ్లీ చూశాడు. "రెండోసారే తక్కువ టైములో వచ్చిందమ్మా. మరి చప్పుడే లేదే?" అని గొణిగాడు.

అక్క చేతులు తుడుచుకుంటూ షెడ్డు తలుపు తెరిచింది. లావు పైపు బల్ల మీదే ఉంది, ఇంకా వేడి పూర్తిగా దిగలేదు.

తమ్ముడి భార్య పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు పైపు వంకా కారు వంకా మార్చి మార్చి చూశాడు.

"ఈ ముక్క మొదటే గట్టిగా చెప్పొచ్చుగా అక్కా."

"నెల్లాళ్లుగా చెబుతూనే ఉన్నాను. నీకు చెవులు మూస్తేగానీ ఎక్కలేదు."