గోల్‌పోస్టు మీద గీత

ఉక్కు ప్లాంటు పక్కన, హిందీ మాట్లాడే ఖుర్సీపార్ బస్తీ మైదానంలో గోల్‌పోస్టుకు తెల్ల పెయింటుతో ఒక గీత ఉంది. నేల నుంచి సరిగ్గా నూట అరవై ఎనిమిది సెంటీమీటర్లు. సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరైన గోపాలం టేపు పెట్టి కొలిచి గీసిన గీత అది. ఫౌజులో చేరాలనుకునే కుర్రాళ్లు ఆదివారం పొద్దున పరుగు అయ్యాక బూట్లు విప్పి, ఒక్కొక్కరే దాని దగ్గర వీపు ఆనించి నిలబడాలి.

సింహాద్రి ఆ కొలత దగ్గర రెండుసార్లు దెబ్బతిన్నాడు. మొదటి ఏడు రాతపరీక్ష పాసై భర్తీ ర్యాలీకి వెళ్తే రెండు సెంటీమీటర్లు తక్కువన్నారు. రెండో ఏడు అర సెంటీమీటరు. పరుగులో అందరికన్నా ముందుంటాడు. పది పుల్లప్పులు ఆగకుండా తీస్తాడు. పదో తరగతి మార్కులకూ లోటు లేదు. అయినా ఆ అర సెంటీమీటరు ఎక్కడి నుంచి తేవాలో వాడికీ తెలియలేదు, వాడి తండ్రి తిరుమలరావుకీ తెలియలేదు.

మార్చిలో ఒక ఆదివారం గోపాలం వాడి నెత్తి మీద చెక్క స్కేలు అడ్డంగా పెట్టి చూశాడు. మళ్లీ చూశాడు.

"అరె వా! నూట అరవై తొమ్మిది. దాటీసినావురా!"

కుర్రాళ్లు ఈలలు వేశారు. నానబెట్టిన శనగల డబ్బా పట్టుకుని గట్టు మీద కూర్చున్న తిరుమలరావు లేచి నిలబడ్డాడు.

"ఒరే తిరుమలా," అని అక్కడి నుంచే కేకేశాడు గోపాలం. "ఇరవై దాటినోడు పెరగడమేట్రా? మా పల్టన్లో ఇలాటోడిని నానెప్పుడూ సూల్నేదు. తిండికేటి పెడతన్నావు?"

"సెనగలే అన్నా."

"అయితే నాకూ పెట్టు. నాకు పొట్ట తప్ప ఏటీ పెరగట్నేదు."

అందరూ నవ్వారు. తిరుమలరావు కూడా నవ్వాడు గానీ కాస్త ఆలస్యంగా నవ్వాడు. వాడు ఎందుకు పెరిగాడో ఆయనకు తెలుసు. వాడికి ఇరవై దాటలేదు. వచ్చే జూలైకి పందొమ్మిది నిండుతాయి.

ఆ మధ్యాహ్నమే తండ్రీకొడుకులు పవర్ హౌస్ బజారులో చాయిస్ సెంటర్‌కి వెళ్లారు. ఆన్‌లైన్ అర్జీలన్నీ అక్కడే నింపుతారు. కంప్యూటర్ ముందు కూర్చునే ఛాయ మార్కుల షీటు చూసి పుట్టిన తేదీ కొట్టింది. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి.

"నహీ లే రహా, భయ్యా. ఉమ్ర్ జ్యాదా హై."

వయసు ఎక్కువైందంటోంది. కటాఫ్ తేదీ నాటికి ఇరవై ఒకటి దాటకూడదు. సింహాద్రి ముందుకు వంగాడు. "దీదీ, ఫిర్ సే డాలో నా."

ఆమె మళ్లీ కొట్టింది. మళ్లీ అదే ఎరుపు. మూడోసారి అడక్కుండానే ఒక్కొక్క అంకె ఆగి ఆగి నొక్కింది. మారేదేమీ లేదని ఆమెకు తెలుసు. వెనక వరస పెరుగుతున్నా తొందరపెట్టలేదు. ఆ మూడోసారికి తిరుమలరావు ఆమెకు లోపల్లోపలే దండం పెట్టుకున్నాడు.

"ఇరవై రెండు రోజులు," అన్నాడు సింహాద్రి బయటికొచ్చాక. వేళ్ల మీద లెక్కపెట్టి మళ్లీ అన్నాడు. "నాన్నా, సిర్ఫ్ ఇరవై రెండు రోజులు! నన్ను కొంచెం లేటుగా కనలేకపోయారా మీరు?"

వాడు హాస్యానికే అన్నాడు. తిరుమలరావు మాత్రం మార్కుల షీటు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

జరిగింది ఇదీ. తిరుమలరావు భార్య హైమవతికి మొదటి కాన్పు ప్లాంటు ఆసుపత్రిలో అయింది. మగపిల్లాడు. సింహాచలం అప్పన్నకు మొక్కుకుని సింహాద్రి అని పేరు పెట్టారు. పద్నాలుగో నెలలో పుట్టువెంట్రుకలు ఇవ్వడానికి విజయనగరం వైపున్న ఆమె పుట్టింటికి వెళ్లారు. అక్కడ జ్వరం తగిలి నాలుగు రోజుల్లో పిల్లాడు పోయాడు. ఊరి చివర పాతిపెట్టారు. పసిబిడ్డ చావుకు కాగితం రాయించాలని ఎవరికీ తోచలేదు. అప్పటికే ఆమె కడుపుతో ఉంది. ఏడాది తిరక్కుండా ఖుర్సీపార్ ఇంట్లోనే, మంత్రసాని చేతిలో మళ్లీ మగపిల్లాడు పుట్టాడు. తిరుమలరావు తల్లి పోలమ్మ బిడ్డను ఎత్తి చెవి వెనక పుట్టుమచ్చ చూసి, "ఆడేనే! ఎలిపోనోడే మళ్లీ వొచ్చీసినాడు," అంది. అదే పేరు పెట్టారు. అవే మొలతాడు, మురుగులు వేశారు. వచ్చినవాడు వాడే అయినప్పుడు రెండో కాగితం ఎందుకు? బడిలో చేర్చేటప్పుడు ఇనప్పెట్టెలో ఉన్న ఒక్క కాగితమే తీసుకెళ్లారు. ఎవరినీ మోసం చేస్తున్నామని వాళ్లు అనుకోలేదు. తరగతిలో వాడెప్పుడూ అందరికన్నా పొట్టిగా ముందు బెంచీలోనే కూర్చునేవాడు.

ఈ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు.

మర్నాడు తిరుమలరావు సెలవు పెట్టి ఒక్కడే దుర్గ్ కోర్టు దగ్గరికి వెళ్లాడు. వకీలు అంతా విని నిట్టూర్చాడు. మార్కుల షీటులో తేదీ దిద్దమని బోర్డును మూడేళ్లలోగా అడగాలట. నాలుగేళ్లయింది. ఇక కోర్టు ఆర్డరే దిక్కు. ముందు మొదటి పిల్లవాడు చనిపోయినట్టు, తర్వాత రెండోవాడు పుట్టినట్టు అమ్మానాన్నలు ప్రమాణపత్రాలు ఇవ్వాలి. ఏడాదిన్నర పట్టొచ్చు, రెండేళ్లూ పట్టొచ్చు. వాడికి నిజంగా ఇరవై ఒకటి నిండడానికీ అంతే ఉంది.

రెండు ఫారాలు తెచ్చి వారం రోజులు చొక్కా జేబులో పెట్టుకు తిరిగాడు. ఇవ్వకపోతే కొడుకు దారి మూసుకుపోతుంది. ఇస్తే హైమవతి పద్దెనిమిదేళ్లుగా నమ్ముకున్నది కూలిపోతుంది. హథ్‌ఖోజ్‌లో ఆయన పనిచేసే ఇనప పనుల షెడ్డులో ఫోర్‌మన్‌ది రోజూ అదే మాట, కొడుకుని తెస్తే గ్రైండింగ్ పనిలో పెడతామని. "లడ్కే కో లే ఆవో. గ్రైండింగ్ పే లగా దేంగే." తిరుమలరావు చేతుల మీద నిప్పురవ్వలు పడి మిగిలిన నల్లచుక్కలు ఇరవై ఏళ్లవి. షెడ్డు తలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా కొడుకు చేతులు గుర్తొచ్చేవి.

ఆఖరికి ఒక సాయంత్రం ఫారాలు తీసి భార్య ముందు పెట్టాడు. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అంతా విని చేట పక్కన పెట్టింది.

"ఆడు సచ్చిపోయాడని నా సేత్తో సంతకం పెట్టమంటావేటి?"

"కోర్టుకోసమే హైమా."

"కోర్టుకేటి తెలుసు? నాకు ఒక్కడే కొడుకు. ఆడే ఎల్లాడు, ఆడే వొచ్చాడు. మీయమ్మే సెప్పింది గదా."

"అమ్మ నిన్ను ఊరుకోబెట్టడానికి సెప్పింది."

ఆ మాట అనకూడదని అన్నాక తెలిసింది. ఆమె తల ఎత్తలేదు.

"ఎవరు పోయారు?"

గుమ్మంలో సింహాద్రి. బూట్లు చేతిలో ఉన్నాయి. ఎప్పుడొచ్చాడో ఇద్దరూ చూడలేదు. ఇక దాచేది ఏముంది? తిరుమలరావు తల వంచుకునే మొత్తం చెప్పాడు. వాడు గోడకు జారబడి కూర్చుని విన్నాడు.

"మత్‌లబ్, నా పుట్టిన డేట్ వాడిదా?"

"ఊఁ."

"పేరు కూడా వాడిదే?"

తిరుమలరావు తల ఊపాడు. వాడు చాలాసేపు బూటు లేసు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు. కేకలేస్తాడని, లేచి వెళ్లిపోతాడని తండ్రి ఎదురుచూశాడు.

"వాడి హైట్ ఎంతుండేది?" అని అడిగాడు వాడు.

హైమవతి చేతులు రెండూ వాటంతట అవే లేచాయి. మూరన్నర ఎడంగా గాలిలో నిలబడ్డాయి. వాడు ఆ చేతుల మధ్య ఖాళీ వైపు చూశాడు. తర్వాత వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, వాడి ఫారం వదిలెయ్. ముందు నేను పుట్టానని రాద్దాం. అది రాయొచ్చు కదా?"

"రెండూ ఉంటేనే తీసుకుంటారట్రా," అన్నాడు తిరుమలరావు.

పక్కింటి కుక్కర్ మూడు విజిల్స్ వేసింది. హైమవతి కొంగుతో మొహం తుడుచుకుని, పెన్ను తీసి కొడుకు చేతిలో పెట్టింది. ఫారాలు హిందీలో ఉన్నాయి. ఆ ఇంట్లో తడబడకుండా హిందీ రాసేవాడు వాడొక్కడే.

పైనున్నది మొదటివాడి కాగితమే. చనిపోయినవారి పేరు అన్నచోట వాడి పెన్ను ఆగింది. నెమ్మదిగా సింహాద్రి అని రాశాడు.

"ఏ రోజు పోయాడు?"

తిరుమలరావు ఆలోచించాడు. నవంబరని గుర్తుంది. తేదీ గుర్తులేదు.

"నాగులచవితి ఎల్లిన మూడో రోజు," అంది హైమవతి. "మంగళారం. పొద్దుగూకీ ఏల."

తిరుమలరావు ఆమె వైపు చూశాడు. ఏటా నాగులచవితి వెళ్లిన మూడో రోజు ఆమెకు తలనొప్పి వచ్చేది. సాయంత్రం పొయ్యి వెలిగించేది కాదు. పండగ పనితో అలిసిపోయిందనుకుని ఆయన పవర్ హౌస్ నుంచి సమోసాలు తెచ్చేవాడు. ఆమె తను తినకుండా తండ్రీకొడుకులిద్దరికీ పెట్టేది. అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆయన ఎందుకని అడగలేదు.

సింహాద్రి ఫోనులో పాత క్యాలెండరు వెతికి తేదీ పట్టుకున్నాడు. "ఎనిమిది, నవంబర్," అని రాశాడు. "వయసు?"

"పద్నాలుగు నెలలు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆమె సంతకం పెట్టింది. రెండో ఫారం వాడు గబగబా నింపేశాడు. పేరు, తేదీ, ఖుర్సీపార్, ఇంట్లో పుట్టుక. దాని మీదా సంతకం పెట్టాక కాసేపు తన పేరునే చూస్తూ కూర్చుంది.

"రెండేళ్లు పడుతుందన్నారా?" అడిగాడు సింహాద్రి కాగితాలు మడుస్తూ.

"పట్టొచ్చు."

"అయితే రేపట్నుంచి నీతో హథ్‌ఖోజ్ వస్తాను. రన్నింగ్ అయ్యాక."

తిరుమలరావు తన చేతుల మీది నల్లచుక్కల వైపు చూసుకున్నాడు. వాడు బూట్లు తలుపు వెనక పెట్టి చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. హైమవతి మళ్లీ చేట ముందుకు లాక్కుంది. ఆయన లేచి, రోజూలాగే గిన్నెలో రెండు గుప్పిళ్ల శనగలు వేసి నీళ్లు పోశాడు.